పై మాదిరే

"మిషను అబద్ధం చెప్పదు కదమ్మా," అన్నారు సూర్యనారాయణ గారు, అచ్చువేసిన కాగితాన్ని బల్ల మీద విక్టోరియా వైపు తిప్పుతూ. "నిన్నటిదాకా పద్నాలుగు చెరువులకీ కలిపి ఈ నెల నువ్వు రాసినవి యాభై ఎనిమిది వరుసలు. మిగతా రెండొందల ముప్పై ఆరూ భాస్కరరావువి. అంటే ఏంటి? చెరువు దాకా వెళ్ళకుండా వాడు ఎప్పుడో రాసినవే కాపీ చేసి పంపించావు."

విక్టోరియా కాగితం ముట్టుకోలేదు. హెల్మెట్‌ను రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుని నిలబడింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. చీర కుచ్చిళ్ళ అంచున గట్టు మీది బురద ఎండి తెల్లబడి ఉంది. చెరువు దాకా వెళ్ళని మనిషికి ఆ బురద ఎక్కడ అంటిందని అడిగేవాళ్ళు ఆ గదిలో లేరు. గీతాంజలి అడగవలసింది. అడగలేదు. ఆ కాగితం అచ్చువేసి ఆయన చేతికిచ్చింది ఆమే.

"నేను రోజూ వెళ్ళానండి," అంది విక్టోరియా. "ఆదివారాలు తప్పించి. ఆ రోజు చర్చికి వెళ్ళాలి కదండి."

"నాకేం తెలుస్తుందమ్మా, నేను ఏలూరు దాటను. నాకు తెలిసేది ఇదే." కాగితం మీద వేలితో రెండుసార్లు తట్టారు. ఆయన గొంతు పెంచరు. మెత్తగా, అమ్మా అంటూనే మనిషి పని తీసేయగలరు. "ఒకటో తారీఖు నుంచి నీ చెరువులు భాస్కరరావు చూసుకుంటాడు. ఏమీ అనుకోకు."

భాస్కరరావు ఆయన బావమరిది. ల్యాబ్ పెట్టినప్పుడు మొదట చెరువుల వెంట తిరిగింది అతనే. విక్టోరియాకు పని నేర్పిందీ అతనే. తర్వాత ఎండ పడటం లేదని ఫ్యాను కిందికి చేరాడు. అయినా రెండు నెలలుగా, రిపోర్టు ప్రకారం, గడప దాటకుండానే లంక ఊళ్ళన్నీ చుట్టేస్తున్నాడు.

విక్టోరియా మూల బల్ల వైపు తిరిగింది. "ఏవండీ గీతాంజలి గారూ, మీరు చెప్పండి. అది మీరు పెట్టిందే కదండి. తప్పు చూపిస్తుందాండి అది?"

గీతాంజలి తన తెర వైపు చూసింది. "చూపించదండి," అంది.

విక్టోరియా తలూపి, హెల్మెట్ పెట్టుకుని మెట్లు దిగింది. మెట్ల మీదే హెల్మెట్ ఎందుకు పెట్టుకుందో గీతాంజలికి అర్థమైంది. ముఖం కనబడకుండా. దాంతో ఆమెకు తన మీద తనకే చిరాకు పుట్టింది.

ఏలూరు పవర్‌పేటలో మేడ మీద రెండు గదుల ల్యాబ్ అది. చేపల చెరువుల నీళ్ళు పరీక్షిస్తారు. చెరువు చూసిన మనిషి ఫోనులో ఒక వరుస రాస్తుంది. గోడకున్న పెద్ద తెర మీద చెరువుకొక చుక్క. నీళ్ళు బాగుంటే పచ్చ, అనుమానమైతే పసుపు, చెడితే ఎరుపు. రంగును బట్టి రైతు ఫోనుకు మెసేజ్ దానంతటదే వెళ్తుంది. చెరువు చూసేవాళ్ళు రైతుతో మాట్లాడకూడదు, అది ల్యాబ్ పని. ఇది సూర్యనారాయణ గారి నియమం. ఆయన పొద్దున్నే ఆ తెర ఎదుటే కాఫీ తాగుతారు. చుక్కలన్నీ పచ్చగా ఉన్న రోజు కాఫీ కూడా బాగుందంటారు.

ఇదంతా ఒక్క చేత్తో కట్టింది గీతాంజలి. కొల్లేరు లోపలికి వెళ్తే ఫోను సిగ్నలు ఉండదు కాబట్టి ఫెర్న్ అనే సాధనం వాడింది. ఫైలులో ఏ వరుస ఎవరు, ఎప్పుడు రాశారో గుర్తుపెట్టుకోవడం దాని పని. సిగ్నలు దొరికినప్పుడు అందరి రాతలనూ కలిపేస్తుంది. తేదీ, వేళ తనే వేసుకుంటుంది. దాన్ని అమ్మేవాళ్ళెవరూ లేరు. ఏయే దేశాల్లోనో ఉన్నవాళ్ళు తీరిక వేళల్లో రాసి ఊరికే ఇస్తారు. కోడు అందరికీ తెరిచే ఉంటుంది. "ఇందులో ఒకరి రాత ఇంకొకరు మార్చలేరండి," అని మొదట్లో సూర్యనారాయణ గారికి గర్వంగా చెప్పింది. రెండు నెలల క్రితం ఆయన ఆ మాట పట్టుకుని, అయితే ఎవరెన్ని వరుసలు రాశారో నెలనెలా తీసివ్వు అన్నారు. తీసిచ్చింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టుకుని మూడో చెరువు ఫైలు తెరిచింది. ఈ నెల వచ్చిన వరుసల్లో చాలా భాగం ఒకటే మాట: పై మాదిరే. పక్కన భాస్కరరావు పేరు. పదో తేదీ వరుస దగ్గర ఆమె ముద్ద ఆగిపోయింది. పదో తేదీన భాస్కరరావు ద్వారకా తిరుమలలో గుండు చేయించుకుంటున్నాడు. తిరిగొచ్చాక ల్యాబ్‌లో అందరికీ ప్రసాదం పంచాడు. ఆమెకూ లడ్డూ ముక్క దొరికింది.

ఫైళ్ళు ఏ ఫోను నుంచి వచ్చాయో ఇంకో చిట్టా ఉంటుంది. అందులో ఆ రోజు వచ్చింది విక్టోరియా ఫోను నుంచే. గీతాంజలి లాప్‌టాప్ ఎత్తుకుని సూర్యనారాయణ గారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

ఆయన ఓపిగ్గా చూశారు. "పంపించడం వేరు, రాయడం వేరు కదమ్మా. పాతది కాపీ చేసి పంపినా ఆవిడ ఫోను నుంచే వస్తుంది. రాసింది మాత్రం భాస్కరరావని నీ మిషనే అంటోంది."

"అదే తప్పండి. నేను సరిచేసి చూపిస్తాను."

"నువ్విక్కడ కూర్చుని సరిచేస్తే అది నీ మాట అవుతుంది, మిషను మాట ఎలా అవుతుంది? ఆవిడంటే నీకు జాలి. తప్పు లేదు. కానీ తయారుచేసినవాళ్ళు ఒప్పుకోవాలి కదా. శనివారం దాకా చూస్తాను."

తయారుచేసినవాళ్ళు అంటే ఆయన మనసులో ఏదో పెద్ద కంపెనీ, గాజు తలుపులు, కాలింగ్ బెల్లు ఉన్నాయి. కాదని చెప్పే ఓపిక గీతాంజలికి లేకపోయింది.

మంగళవారమంతా ఫెర్న్ కోడులో గడిచింది. వేరేవాళ్ళ కోడు చదవడం వేరేవాళ్ళ వంటింట్లో ఉప్పు డబ్బా వెతకడం లాంటిది. ఉంటుంది, ఎక్కడో ఉంటుంది. రెండుసార్లు కరెంటు పోయింది. పదకొండింటికి భాస్కరరావు వచ్చి, గుండు మీద మొలుస్తున్న జుట్టు నిమురుకుంటూ ప్రింటరులో కాగితం ఇరుక్కుందన్నాడు. తీసిచ్చింది. మళ్ళీ మొదటినుంచి చదువుకుంటూ వచ్చింది. నాలుగు దాటాక దొరికింది.

ఎవరైనా ఒక వరుసను ఒక చోటినుంచి ఇంకో చోటికి కాపీ చేస్తే, ఫెర్న్ ఆ వరుసను కాపీ చేసినవాళ్ళ పేర కాక మొదట రాసినవాళ్ళ పేర వేస్తుంది. న్యాయమే. అయితే చిన్న చిన్న మాటలు ఎవరికి వాళ్ళు రాసినా ఒకేలా ఉంటాయి కాబట్టి, ఇరవై అక్షరాలకు తక్కువైన వరుసల జోలికి పోకూడదని నియమం పెట్టారు. అదీ న్యాయమే. కానీ ఆ ఇరవై లెక్కపెట్టేటప్పుడు అక్షరాలు కాకుండా అవి కూర్చునే గడులు లెక్కపెడుతోంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక గడి చాలు. తెలుగులో అక్షరానికి మూడు, దాని గుణింతానికి మళ్ళీ మూడు. "పై మాదిరే" కంటికి నాలుగక్షరాలు. ఫెర్న్ లెక్కలో ఇరవై ఐదు. కాబట్టి అది పెద్ద వరుస. కాబట్టి ఎవరు రాసినా కాపీయే. రెండేళ్ళ క్రితం ఆ మాట మొట్టమొదట రాసింది భాస్కరరావు. ఆ రోజు నుంచి కొల్లేరులో ఎవరు పై మాదిరే అన్నా అది అతని ఖాతాలోనే పడుతోంది.

గీతాంజలి కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వింది. తర్వాత ఒళ్ళు మండింది. ఇంగ్లీషులో డిటో అని రాసే మనిషికి ఈ కష్టం రాదు. తన భాషలో రాసుకున్నందుకు విక్టోరియా దొంగ అయింది.

సరిచేయాల్సింది రెండే వరుసలు. దానికి ముందు ఫెర్న్ వాళ్ళకు తప్పు ఉన్నట్టు చెప్పాలి. తనకొచ్చిన ఇంగ్లీషులో నీటుగా, మర్యాదగా, ఉదాహరణతో రాసి పంపింది.

బుధవారం పొద్దున్న జవాబు చూసుకుంది. హెన్రిక్ అనే ఆయన, ఆ సాధనానికి పెద్దదిక్కు, రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఇది మేం అనుకున్నట్టే పనిచేస్తోంది, కావాలంటే ఆ హద్దు ఇరవై నుంచి పెంచుకోండి. కింద ఎర్రటి గుర్తు: మూసివేయబడింది.

హద్దు పెంచుకోవడం నిమిషం పని. పెంచితే అది మళ్ళీ గీతాంజలి మాటే అవుతుంది కానీ మిషను మాట కాదు. శనివారానికి మూడు రోజులుంది. మళ్ళీ రాసింది. అక్షరమంటే గడి కాదని, మీ నియమంలో ఉన్నది అక్షరమన్న మాటేనని, దాన్ని మీ కోడే పాటించడం లేదని. అరగంటకు ఇంకెవరో, పేరు బదులు పిల్లి బొమ్మ ఉన్న మనిషి, మధ్యలో దూరాడు. మీవాళ్ళు ఆ ఒక్క మాటా ఇంగ్లీషులో రాసుకుంటే గొడవే ఉండదు కదా అని సలహా ఇచ్చాడు.

గీతాంజలి అతనికి రాసిన మొదటి జవాబు పన్నెండు వరుసలు. అందులో చివరి నాలుగూ పెద్దల ముందు చదవదగ్గవి కావు. మొత్తం చెరిపేసింది. "వాళ్ళు చెరువు గట్టు మీద నిలబడి రాస్తారు. వాళ్ళకు వచ్చిన భాషలో రాస్తారు. మారవలసింది వాళ్ళు కాదు," అని మాత్రం పంపింది.

ఈసారి హెన్రికే మాట్లాడాడు. మీరు చెప్పేది నిజమే కావచ్చు, మూసింది తెరుస్తున్నాను, సవరణతో పాటు దాన్ని పరీక్షించే చిన్న నమూనా కూడా పంపండి. కింద ఇంకో ముక్క ఉంది. "నాకు ఒకటి అర్థం కాలేదు. పనిచేసే మనిషి రోజూ ఒకే మాట ఇన్నిసార్లు ఎందుకు రాస్తుంది? అది కాపీ కాదని మీకు ఎలా తెలుసు?"

ఎలా తెలుసు? బురద చూసింది, అంతే. ఆ చెరువులు ఎప్పుడూ చూడలేదు. ఏలూరులో పుట్టి, కొల్లేరుకు పదిహేను మైళ్ళ దూరంలో ఇన్నేళ్ళు ఉండి, పెలికాన్‌లను చూపించడానికి చుట్టాలను తీసుకెళ్ళడం తప్ప అటు వెళ్ళే పని పడలేదు. ఫోను తీసి విక్టోరియాకు చేసింది.

"రండి, దానిదేముందండి," అంది విక్టోరియా. "ఒకటో తారీఖు దాకా చెరువులు నావే కదండి."

స్కూటీ వెనక కూర్చుని వెళ్ళింది. కైకలూరు రోడ్డు దిగాక రెండు పక్కలా చెరువులే. మధ్యలో ఒక స్కూటీ పట్టేంత గట్టు. వానకు మెత్తబడిన చోట విక్టోరియా రెండు కాళ్ళూ కింద ఆనించి బండిని నడిపించింది. గీతాంజలి రెండుసార్లు దిగి నడిచింది. ఏడో చెరువు దగ్గర ఆగారు. నీళ్ళలో వరసగా కర్రలు, కర్రలకు తాళ్ళు, తాళ్ళకు వేలాడుతూ సగం మునిగిన మేత సంచులు. చేపలకు గాలి అందేలా నాలుగు ఏరేటర్లు నీళ్ళను పైకి చిమ్ముతున్నాయి.

"మొన్న పదిహేడున చేపలు చచ్చిపోయింది ఈ చెరువులోనే కదూ?" అంది గీతాంజలి.

"ఇదేనండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా శీలావతి చేపలు తెల్లగా తేలిపోయాయి. మిగిలినవి ఇప్పుడు బాగానే ఉన్నాయండి." విక్టోరియా ఇంకేదో అనబోయి ఆగి, చెప్పులు గట్టు మీద విడిచి దోనె తాడు విప్పింది.

దోనె మధ్యలోకి వెళ్ళాక పని మొదలైంది. ముందు నీళ్ళను దోసిట్లోకి తీసుకుని రంగు చూసింది. వాసన చూసింది. తాడుకు కట్టిన తెలుపు నలుపు రేకును మెల్లగా నీళ్ళలోకి వదిలి, అది కనబడకుండా పోయిన చోట తాడు మీద వేలు పెట్టి, పైకి లాగి జానతో కొలిచింది. సీసాలో నీళ్ళు పట్టి, మూడు మందులు చుక్కలు లెక్కపెట్టి వేసి, మూత బిగించి తలకిందులు చేసి, వచ్చిన రంగును అట్ట మీది రంగులతో పోల్చింది. చివరికి ఒక మేత సంచి తాడు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఏం చేస్తున్నారండి?"

"ఉష్. చేప వచ్చి సంచిని పొడుస్తుందండి. తాడుకి తెలుస్తుంది. పొడుస్తోందంటే ఆకలుందని." కాసేపటికి కళ్ళు తెరిచింది. "బాగానే పొడుస్తోందండి."

చెంగుతో చేతులు తుడుచుకుని ఫోను తీసి బొటనవేలితో రాసింది. గీతాంజలి తొంగి చూసింది. పై మాదిరే.

"ఇంత చేసి ఆ ఒక్క మాటేనా విక్టోరియా గారూ?"

"ఐదూ చూస్తేనే కదండి ఆ మాట రాసేది. ఏదన్నా మారితే మొత్తం రాస్తాను. మారకపోతే నిన్న ఉన్నదే ఇవాళా ఉందని. భాస్కరరావు గారు అలాగే నేర్పారండి."

చెరువుకు ఇరవై నిమిషాలు. పద్నాలుగు చెరువులు. గీతాంజలి ఐదింటి దాకా తిరిగి, మోకాళ్ళు పట్టేసి ఇంటికి చేరింది. హెన్రిక్‌కు జవాబు తేలిగ్గానే వచ్చింది. ఈ మాట రాయడానికి ముందు ఆమె ఐదు పరీక్షలు చేస్తుంది, మారలేదని చెప్పడానికి కూడా వెళ్ళి చూడాలి. ఇవాళ నేను వెంట ఉండి చూశాను.

గురువారం ఆమె ఓపికను పూర్తిగా తినేసింది. సవరణ పంపింది. ఫెర్న్‌లో ఏ సవరణ వచ్చినా ముందు పాత పరీక్షలన్నీ దానంతటదే నడుస్తాయి. మొదటిసారి నమూనా ఫైలు చివర ఒక ఖాళీ ఎక్కువుందని తిప్పికొట్టింది. రెండోసారి సవరణకు పెట్టిన శీర్షిక పొడుగైందని తిప్పికొట్టింది. వేలెడంత సవరణకు బారెడు నియమాలా అని తిట్టుకుంటూ కుదించింది. మూడోసారి, తను ముట్టుకోనే ముట్టుకోని చోట, వేరే రకం కంప్యూటర్ మీద ఏదో పరీక్ష విరిగిపోయింది. అది అప్పుడప్పుడూ విరుగుతుంది, మళ్ళీ నడపండి అన్నాడు పిల్లి బొమ్మ మనిషి. నడపడానికి తనకు అధికారం లేదని తేలింది. అధికారం ఉన్నవాళ్ళు నిద్రపోతున్నారు. వాళ్ళ దేశంలో ఇంకా తెల్లవారలేదు. రెండు వరుసలు! రెండు వరుసలకు నాలుగు రోజులా అని బల్ల మీద కొట్టింది. గోడ తెర మీద పద్నాలుగు చుక్కలూ పచ్చగా, నిమ్మళంగా ఉన్నాయి.

"ఒప్పుకున్నారామ్మా కంపెనీవాళ్ళు?" అన్నారు సూర్యనారాయణ గారు సాయంత్రం వెళ్తూ.

"ఇంకా లేదండి."

"పోన్లే. నువ్వు ప్రయత్నం చేశావు కదా."

ఆ ఓదార్పు ఆమెను అన్నిటికంటే ఎక్కువ మండించింది.

శుక్రవారం పదింటికి సవరణ ఫెర్న్‌లో కలిసింది. "మీదే సరైనది. రెండు రోజులు వృథా చేసినందుకు క్షమించండి. మధ్యాహ్నం కొత్త విడుదలలో వస్తుంది," అని హెన్రిక్. కింద ఎక్కడినుంచో ఇంకెవరో: మా భాషలోనూ ఇదే జరుగుతోంది, రెండేళ్ళుగా నా తప్పే అనుకున్నాను. ఆ వాక్యాన్ని గీతాంజలి రెండుసార్లు చదువుకుంది.

కొత్త విడుదల దించుకుని, సోమవారం తీసిన రిపోర్టునే, అవే తేదీలకు మళ్ళీ తీసింది. విక్టోరియా: రెండు వందల తొంభై నాలుగు. భాస్కరరావు: సున్నా. ఆనందం ఆగలేదు. ల్యాబ్‌లో ఎవరూ లేకపోతే కేక వేసేదే. చెరువు చెరువుకూ విడివిడిగా అచ్చువేయడం మొదలుపెట్టింది.

ఏడో చెరువు కాగితం ప్రింటరులోంచి వస్తుంటే చేయి ఆగింది. పదహారో తేదీ, మధ్యాహ్నం మూడు పది. పై మాదిరే. విక్టోరియా. మర్నాడు తెల్లవారేసరికి చేపలు తేలాయి. నిన్నటిదాకా ఆ వరుస పక్కన భాస్కరరావు పేరుంది. బావమరిది పేరు కాబట్టే సూర్యనారాయణ గారు లోతుకు పోలేదు. మబ్బు పట్టింది, మనమేం చేస్తామండి అని రైతు సత్యనారాయణ గారికి తాడేపల్లిగూడెం ఫోను చేసి సర్దిచెప్పేశారు. ఇప్పుడా వరుసకు సొంతదారు దొరికింది. ఆమెను కాపాడటానికి నాలుగు రోజులు తన్నుకుని, చివరికి ఆమె మెడకే తాడు పేనింది గీతాంజలి.

విక్టోరియాకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. "కావాలంటే ఏడో చెరువు వదిలేసి మిగతావి చూపిస్తానండి. ఆయన అడగరు."

అవతల గాలి చప్పుడు. గట్టు మీద ఉన్నట్టుంది. "అన్నీ నావని కదండి మనం చెబుతున్నది. అదొక్కటీ వేరేవాళ్ళదని ఎలాగంటామండి? నా పేరే ఉండనీయండి."

శనివారం పదింటికి ముగ్గురూ సూర్యనారాయణ గారి బల్ల దగ్గర ఉన్నారు. భాస్కరరావు కాస్త దూరంగా పేపరు అడ్డం పెట్టుకున్నాడు. గీతాంజలి హెన్రిక్ క్షమాపణను తెలుగులో చదివి వినిపించింది. ఆయన శ్రద్ధగా విన్నారు. మొదటి కాగితం చూశారు. సున్నా దగ్గర కళ్ళు పైకెత్తి పేపరు వైపు ఒకసారి చూసి దించుకున్నారు.

"కంపెనీవాళ్ళే ఒప్పుకున్నాక నేననేదేముంది? చెరువులు నీవేనమ్మా. సోమవారం నేనన్నది మనసులో పెట్టుకోకు." విక్టోరియా భుజాలు కొద్దిగా కిందికి దిగాయి. ఆయన కాగితాలు తిప్పుతూనే ఉన్నారు. ఏడో కాగితం దగ్గర ఆగారు. "అయితే ఇదీ నీ రాతేనన్న మాట."

"నాదేనండి."

"పదహారున చూసి పై మాదిరే అన్నావు. పొద్దున్నకి చేపలు చచ్చాయి. ఇప్పుడు సత్యనారాయణ గారికి నేనేం చెప్పాలమ్మా?"

"దాని పైన చూడండి," అంది విక్టోరియా.

పదిహేనో తేదీ. పై మాదిరే.

"ఇంకా పైనండి."

పద్నాలుగు. పై మాదిరే.

"ఇంకొక్కటి పైన."

ఆయన కళ్ళజోడు సర్దుకుని పదమూడో తేదీ వరుసను పైకి చదివారు. "నీళ్ళు ముదురు ఆకుపచ్చ. నీచు వాసన. రేకు జానెడు లోపే మాయం. ఆక్సిజన్ బాగా తక్కువ. చేప సంచి దగ్గరకు రావట్లేదు, పైకొచ్చి గుటకలేస్తోంది. మేత ఆపాలి, ఏరేటర్లు రాత్రంతా వేయాలి."

చదివాక కూడా ఆయన వేలు ఆ వరుస మీదే ఉంది.

"పద్నాలుగునా అలాగే ఉందండి," అంది విక్టోరియా. "పదిహేనునా, పదహారునా అలాగే. అదే రాశాను. పదిహేనున వెళ్ళేసరికి ఏరేటర్లు ఆపేసున్నాయి. వాచ్‌మేన్‌ని అడిగితే, ల్యాబువాళ్ళు బాగుందని మెసేజ్ పెట్టారంట, గూడెం నుంచి సత్యనారాయణ గారు ఆపేయమన్నారన్నాడు. నాకంటే చదువుకున్నవాళ్ళు కదండి, ఏదో చూసే చెప్పి ఉంటారనుకున్నాను. రైతుకి మేం చెప్పకూడదు కదండి."

"పదమూడున ఎరుపే వచ్చింది, నాకు గుర్తుంది," అన్నారు సూర్యనారాయణ గారు నెమ్మదిగా. "నేనే ఫోను చేశాను. పదిహేను పొద్దున్నకి..." గోడ తెర వైపు తిరిగారు. "పచ్చగా ఉంది. మరి పచ్చ ఎలా వచ్చిందమ్మా?"

గీతాంజలికి తెలిసిపోయింది. ఆయన అడగకముందే, ఇంకొక్కటి పైన అని విక్టోరియా అన్నప్పుడే తెలిసింది. అయినా లాప్‌టాప్ తెరిచి, చుక్కలకు రంగు వేసే తన ప్రోగ్రామును బల్ల మీద ఆయన వైపు తిప్పి పెట్టింది. నిన్నటి రంగే ఉంచవలసిన చోట రెండు చిన్న వరుసలున్నాయి. పై మాదిరే అని వస్తే పచ్చ. రైతుకు మెసేజ్: మీ చెరువు బాగుంది.

"ఇదెవరు రాశారు?" అన్నారాయన.

చెప్పేయవచ్చు. కానీ ఆ ప్రోగ్రాము ఫైళ్ళనూ ఫెర్నే చూసుకుంటుంది, చేతులు అలవాటుగా దాన్ని అడిగాయి. అది ఒక్క క్షణం ఆలోచించింది. ఈ ఒక్కసారికి తప్పు చెబితే బాగుండునని గీతాంజలికి అనిపించింది. తప్పు చెప్పడానికి దానికి ఏ వంకా లేకుండా తనే బాగుచేసింది. రెండు వరుసల పక్కనా ఒకే పేరు వచ్చింది, తేదీతో, వేళతో సహా.

"నాదేనండి," అంది.

సూర్యనారాయణ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఏడో చెరువు కాగితాన్ని ఆమె వైపు జరిపారు.

విక్టోరియా హెల్మెట్ అందుకుంది. "ఏడో చెరువుకి బయల్దేరాలండి. సత్యనారాయణ గారు ఇవాళ గట్టు మీదే ఉంటానన్నారు." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "వస్తారాండి?"

గీతాంజలి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేత్తో పట్టుకుని, రెండో హెల్మెట్ కోసం చుట్టూ చూసింది.